ఐదొందల గంటల్లో మొదటి గంట

అచ్చియ్యమ్మ శవాన్ని చెరుకు ట్రాక్టరు మీద తెచ్చారు. ఫ్యాక్టరీకి తోలాల్సిన చెరుకు దించడానికి ఆసామి ఒప్పుకోలేదు. "పైన పడుకోబెట్టుకోండి, ఎలాగూ చోడవరమే కదా" అన్నాడట. ముందురోజు తను కొట్టిన చెరుకు మీదే ఆమె పడుకుంది. ముప్ఫయ్యేళ్ళు నిండని మనిషి. చెరుకాకు కోసిన గీతలు అరచేతుల్లో ఇంకా మానలేదు.

తొంభై ఆరో సంవత్సరం, ఫిబ్రవరి నెల, గురువారం పొద్దున్న తొమ్మిదిన్నర. ట్రాక్టరు బంగార్రాజు మందుల షాపు ముందు ఆగింది. దాని వెనక వడ్డాది నుంచి నడిచొచ్చిన చెరుకు కూలీలు, ఆడా మగా నలభై మంది. నడుముల్లో దోపిన కత్తులు తియ్యకుండానే వచ్చారు. అందరికన్నా ముందున్నవాడు దాసు, అచ్చియ్యమ్మ మొగుడు. మాత్రల షీటు ఒకటి కౌంటరు మీదికి విసిరి, పిడికిలితో అద్దాన్ని గుద్దాడు. అద్దం ఈ చివరినుంచి ఆ చివరిదాకా చీలిపోయింది.

"ఎవుడ్రా ఈ మాత్రలిచ్చింది? నా ఆడదాన్ని సంపినోడెవుడు?"

కౌంటరు వెనక ఇద్దరున్నారు. ఒకరు రాజ్యం, తొమ్మిదేళ్ళుగా ఆ షాపులో మందులందిస్తున్న మనిషి. రెండోవాడు రాము, నాలుగేళ్ళుగా ఉన్నాడు. రాజ్యం ఆ షీటు చూసింది. నాలుగు మాత్రలు చింపారు, ఆరు మిగిలాయి. అవి ఒళ్ళునొప్పుల మాత్రలు కావు, చక్కెర జబ్బు మాత్రలు. నిన్న సాయంత్రం అచ్చియ్యమ్మ ఒక్కతే వచ్చి, "నడుం ఇరిగిపోతంది, ఏదైనా మాత్రియ్యమ్మా" అనడిగితే అరలోంచి తీసిచ్చింది తనే.

ఆమె నోరు తెరిచేలోగా క్యాష్ టేబులు దగ్గర్నుంచి బంగార్రాజు లేచాడు. ఆ మనిషి కంగారుపడగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఎవరు ఎవరికి ఏమిచ్చారో అక్కడ కూర్చుని కనిపెట్టడమే రోజంతా అతను చేసే పని. నిన్న ఇచ్చిందెవరో అతనికి బాగా తెలుసు. వేలెత్తి రాముని చూపించాడు.

"వీడేనయ్యా. నమ్మి కౌంటరప్పగించేను. మనిషి ప్రాణం తీస్తాడని కలగన్నానా?"

రాముని కౌంటరు మీంచి రోడ్డు మీదికి లాగారు. కత్తుల వెనక వైపుతో కొట్టారు, చెరుకు గడలతో కొట్టారు, గడలు పగిలి రసం కారేదాకా కొట్టారు. అచ్చియ్యమ్మ తల్లి అప్పలనరసమ్మ చెప్పు తీసుకుని దవడ మీద కొడుతూ, కొట్టిన ప్రతిసారీ కూతురి పేరు పిలిచింది. దాసు వాడి కుడిచెయ్యి నేలకేసి మడమతో తొక్కాడు. వేళ్ళు విరిగిన చప్పుడు రాజ్యానికి షాపులోకి వినపడింది. గుంపులో దూరి బంగార్రాజు జీపు డ్రైవరు కూడా నాలుగు తన్నులు తన్నాడు. వాడికి అచ్చియ్యమ్మెవరో కూడా తెలీదు.

రాము ఒక్కసారి తలెత్తి రాజ్యం వైపు చూశాడు. ఆమె పేరు చెబితే ఆ దెబ్బలు ఆగుతాయి. చెప్పలేదు. రాజ్యమూ నోరు విప్పలేదు. ఇంటి దగ్గర ఇద్దరాడపిల్లలు కళ్ళముందు కదిలారు, ఆ నలభై కత్తులూ కదిలాయి. ఇది గొప్పమనిషి కథ కాదు. భయపడిన మనిషి కథ.

రాము చేతులడ్డు పెట్టుకోవడం కూడా మానేశాక పోలీసులు వచ్చారు.

"సర్టిఫికెట్టుందా నీకు?" అన్నాడు ఎస్సై, నేల మీదున్న వాణ్ణి బూటుతో కదిపి. నోట్లో నెత్తురుతో రాము లేదన్నట్టు తలాడించాడు. "లేకుండా మందులెలా అమ్మేవురా?"

ఆ మాటన్నప్పుడు ఎస్సైకి ఎదురుగ్గానే, గోడ మీద అద్దాల ఫ్రేములో సర్టిఫికెట్టుంది. ఖాదర్ మొహిద్దీన్, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. ఆ మనిషి ఎక్కడున్నాడని ఎస్సై అడగలేదు.

*

చట్టం ఏమంటుందంటే, మందుల షాపులో రిజిస్టరైన ఫార్మసిస్టు కూర్చోవాలి, వాడి కళ్ళముందే మందు చేతులు మారాలి. అలాంటివాడు కావాలంటే రెండేళ్ళు డిప్లొమా చదవాలి. చదివాక ఐదొందల గంటలు ఒక ఫార్మసిస్టు దగ్గరుండి పని నేర్చుకోవాలి. నేర్పినట్టు అతను సంతకం పెడితే పేరు నమోదవుతుంది. మంచి చట్టమే. బంగార్రాజు దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు.

సర్టిఫికెట్టులో పేరున్న ఖాదర్ మొహిద్దీన్, అనకాపల్లిలో ఉండే ముసలి కాంపౌండరు, నెలకోసారి వచ్చి ముట్టేది పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. సర్టిఫికెట్టు మాత్రం గోడ మీదుండేది. ప్రతి శుక్రవారం దేవుడి పటాలతో పాటు దానికీ బొట్టు పెట్టి అగరొత్తులు తిప్పేవారు. ఏడేళ్ళ కుంకం పేరుకుపోయి ఖాదర్ మొహిద్దీన్ అన్న పేరులో సగం కనపడేది కాదు.

మరి పనివాళ్ళకి చదువెలా వచ్చేది? రాజ్యం పనిలో చేరిన రోజు నుంచి బంగార్రాజు ఆమెకి వారంపాటు అరలు చూపించాడు. ఎనిమిదో రోజున కళ్ళకి తువ్వాలు కట్టాడు. "జొరం" అన్నాడు. ఆమె చెయ్యి చాచి తీసింది. "దగ్గు" అన్నాడు, తీసింది. "నడుంనొప్పి", తీసింది. తువ్వాలు విప్పి, "భేష్, ఇక నువ్వు కంపౌండరువే" అన్నాడు. రావికమతంలో, బుచ్చయ్యపేటలో, ఆ చుట్టుపక్కల ఏ షాపులో చేరినా ఇదే పరీక్ష. మందు పేరు చదవక్కర్లేదు, చోటు గుర్తుంటే చాలు. కళ్ళు మూసుకుని తీసేవాళ్ళకి పెద్ద పేరు. రాజ్యానికి ఆ పేరుండేది, దానికి ఆమె మురిసిపోయేది కూడా.

బుధవారం పొద్దున్న, మందుల షాపులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురొచ్చింది. బంగార్రాజు గడువు దాటిన సరుకంతా అరల్లోంచి తీయించి, వెనక గదిలో గ్లూకోజు పెట్టెల వెనక దాయించాడు. ఖాళీలు కనపడకుండా మిగతావి అటూ ఇటూ జరిపించాడు. చక్కెర జబ్బు మాత్రలు నొప్పుల మాత్రల చోటుకి వచ్చాయి. రెండూ వెండి షీట్లే, రెండూ చిన్న తెల్ల మాత్రలే. సాయంత్రం చెరుకు కూలీలు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ రాజ్యం చెయ్యి తన చోటుకి తను వెళ్ళిపోయింది.

రాము సంగతి వేరు. వాడు డిప్లొమా చదివినవాడు. ఐదొందల గంటల కాగితం మీద సంతకం కోసమే షాపులో చేరాడు. మూడు నెలల్లో అయిపోవాల్సింది నాలుగేళ్ళయింది. సంతకం పడితే వాడు వెళ్ళిపోతాడని బంగార్రాజు ఆ కాగితాన్ని తన బీరువాలో పెట్టుకున్నాడు. కిందటి నెల రాము ఈ సంగతంతా హైదరాబాదులో రిజిస్ట్రేషను ఆఫీసుకి అర్జీ రాశాడు. బంగార్రాజు వేలు తిన్నగా వాడి వైపే ఎందుకు లేచిందో దీన్ని బట్టే తెలుస్తుంది.

*

శుక్రవారం రాజ్యం ఆస్పత్రికి వెళ్ళింది. మంచం పక్కనున్న కానిస్టేబులు టీకి లేచేదాకా ఆగింది. రాము దవడ వాచి మాట సరిగ్గా రావడం లేదు.

"ఎందుకురా నా పేరు సెప్పలేదు?" ఆమె ఏడుస్తూ అడిగింది.

"ఆల్లు నిన్ను సంపేద్దురక్కా." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "సాయిబుగారి దగ్గరకెల్లు. కొత్త కాగితం మీదైనా ఆయన సంతకం పెడితే, నాను నేర్చుకుంటన్నోణ్ణే గాని దొంగోణ్ణి కాదని తెలస్తాది. ఎల్లక్కా."

శనివారం ఆమె అనకాపల్లి బస్సెక్కింది. ఖాదర్ మొహిద్దీన్ ఇల్లు బెల్లం మార్కెట్టు వెనక సందులో ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళజోడు ఒక కాడకి దారం కట్టి ఉంది. ఆయన భార్య లతీఫా గుమ్మంలో బియ్యం ఏరుతోంది. రాజ్యం జరిగిందంతా దాచకుండా చెప్పేసింది. తన చెయ్యి సంగతి మొదటిసారి ఒకరికి చెప్పింది.

ఆయన సంతకం మాట ఎత్తలేదు. "మాత్రలేసుకున్న రాత్రి ఆ మనిషికి ఎలా ఉందట?" అనడిగాడు.

"సెమట్లు కారిపోయేయంట బాబూ. సేతులొణికేయంట. తర్వాత పిచ్చిపిచ్చిగా మాటాడిందంట. గాలి సోకిందనుకుని మంచానికి కట్టేసి వేపమండల్తో కొట్టేరంట. ఫిట్సొచ్చి తెల్లారే యేలకి పోయింది."

ఖాదర్ మొహిద్దీన్ కళ్ళజోడు తీసేశాడు.

"బెల్లం ముక్క నోట్లో పెట్టి ఉంటే బతికేదమ్మా" అన్నాడు. "ఆ మాత్రలు ఒంట్లో చక్కెరని లాగేస్తాయి. తిండి తినని ఒళ్ళయితే మరీను. చెమటలు పట్టగానే బెల్లం నీళ్ళు పట్టి, తాగుతూ ఉండగానే ఆస్పత్రికి తోలుకుపోతే బతికేది."

బయట సందులోంచి బెల్లం దిమ్మల బండ్లు పోతున్నాయి. ఊరంతా ఆ వాసనే. రాజ్యం నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు కొట్టే మనిషి ఒంట్లో చక్కెర లేక చచ్చిపోయింది. ఈ ఒక్క ముక్క తొమ్మిదేళ్ళలో తనకెవరూ చెప్పలేదు.

"రాము కాగితం మీద సంతకం పెట్టండి బాబూ" అంది.

"పెట్టను."

ఆమె తలెత్తి చూసింది.

"ఒక్క గంట నేర్పానా వాడికి? ఏం మొహం పెట్టుకుని ఐదొందలు నేర్పానని రాయను?"

లతీఫా చేటని నేలకి కొట్టింది. బియ్యం చెల్లాచెదురయ్యాయి. "ఏడేళ్ళు గోడ మీదుండి డబ్బు తీసుకునేటప్పుడు లేని మొహం ఇప్పుడొచ్చిందా? ఆ ఆడమనిషిని చంపింది ఈ అమ్మాయి చెయ్యి కాదు, ఆ గోడ మీది మీ పేరు. వెళ్ళి నేర్పి రండి. నేర్పాకే సంతకం పెట్టండి."

ఖాదర్ మొహిద్దీన్ ఒక్కొక్క గింజా ఏరి చేటలో వేశాడు. అన్నీ ఏరడం అయ్యాక, "ఎప్పుడు రమ్మంటావమ్మా?" అనడిగాడు.

*

ఆదివారం షాపులు ఒంటిపూట. చోడవరం, వడ్డాది, రావికమతం, బుచ్చయ్యపేట షాపుల్లో మందులందించే వాళ్ళు ముప్ఫై రెండుమంది రాజ్యం పిలిస్తే లారీల షెడ్డులో కలిశారు. షాపులు చట్టం ప్రకారం నడపమని అడుగుదామంది ఆమె. ముందు ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. తర్వాత అందరూ ఒక్కసారి అరవడం మొదలెట్టారు.

"సట్టం సట్టం అంటన్నావు" అని లేచింది రావికమతం షాపులో పనిచేసే కనకదుర్గ. "ఆ సట్టమే వచ్చి కూకుంటే ముందు రోడ్డున పడీది మనవే. నాను టెన్త్ ఫెయిల్ని. నాకెవుడిస్తాడు రిజిస్ట్రేషను? రాముకైతే డిప్లొమా ఉంది, ఆడి పోరాటం ఆడిది. మా కూట్లో మట్టి కొడతావేటి?"

"నిజమే!" "మనకెందుకీ గొడవ!" అని వెనకనుంచి అరిచారు.

రాజ్యం లేచి నిలబడింది. "అచ్చియ్యమ్మకి మాత్రలిచ్చింది రాము కాదు. నాను."

ఎవరో కాండ్రించి ఉమ్మారు. "మరి ఆడి సెయ్యి ఇరగ్గొడతంటే సూస్తా నిలబడ్డావేటే?"

"నిలబడ్డాను. బయమేసింది. ఇంకా ఏస్తంది. నన్ను తిట్టండి, కొట్టండి. ఒక్కటి సెప్పండి ముందు. ఇక్కడ కళ్ళకి తువ్వాలు కట్టించుకోనోళ్ళు ఎవురైనా ఉన్నారా?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

కనకదుర్గ నిలబడే ఉంది. మొహం ఎర్రబడింది. "మూడేళ్ళయింది" అంది నెమ్మదిగా. "పసిగుంటకి పెద్దోళ్ళ మోతాదు కట్టేసేను. రెండ్రోజులు లెగలేదు. బతికింది కాబట్టి ఎవుల్కీ తెల్దు. ఆ తల్లి మళ్ళీ నా దగ్గరకే వచ్చి దణ్ణం పెట్టింది, నీ మందుతోనే బతికిందని."

ఆమె కూర్చోగానే ఇంకొకరు లేచారు. తర్వాత మరొకరు. కంటి చుక్కల మందు తాగడానికిచ్చినవాడు, గడువైపోయిన సూది అమ్మినవాడు, కడుపుతో ఉన్న మనిషికి ఇవ్వకూడనిదిచ్చినది. ఎవరికి వారు తమదొక్కరిదే తప్పనుకుని, ఇన్నేళ్ళు నిద్రపట్టక దొర్లినవాళ్ళు. ఇప్పుడు ముప్ఫై రెండుమంది తప్పులూ ఒకచోట చేరాక అందరికీ తెలిసింది, అది ఏ ఒక్కరి చేతి తప్పూ కాదు. నేర్పితే జీతం ఎక్కువిమ్మంటారు, రిజిస్టరైతే వెళ్ళిపోతారు. అందుకని షాపుల యజమానులు వాళ్ళని గుడ్డివాళ్ళుగా ఉంచారు. ఉంచి ఆ గుడ్డితనాన్నే పనితనమని మెచ్చుకున్నారు.

"మరేటి సేద్దాం? రాళ్ళేద్దామా?" అన్నాడొకడు.

"సట్టం సెప్పిందే సేద్దాం" అంది రాజ్యం. "మంగళవారం షాపులు తెరుస్తాం. కౌంటరు కాడ నిలబడతాం. గోడ మీదున్న మనిషి వచ్చి కూకునేదాకా ఒక్క మాత్రా తియ్యం. మమ్మల్ని గెంటీకుండా, పనిలో ఉంచి, నేర్పి, పరీక్ష పెట్టాలని అడుగుదాం."

"జొరాలోళ్ళు సచ్చిపోరా?"

"అత్యవసరం ఉన్నోళ్ళకి మా షాపులో సాయిబుగారుంటారు. వస్తానన్నారు."

వాదన ఇంకో గంట నడిచింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ముప్ఫైమంది మిగిలారు.

*

అక్కడనుంచి రాజ్యం ఇంటికి పోలేదు. పొద్దువాలకముందే దాసు వాళ్ళ పేటకి వెళ్ళింది. కనకదుర్గ తోడొస్తానన్నా వద్దంది.

"మాత్రలిచ్చింది నాను" అని ఆమె అన్నంతలోనే అప్పలనరసమ్మ జుట్టు పట్టుకుని పాక గుంజకి తల బాదింది. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. దాసు చెరుకు కత్తి లాగి మెడమీద పెట్టాడు. చుట్టూ జనం మూగారు. ఎవరూ అడ్డు రాలేదు.

"నరుకు" అంది రాజ్యం. "నరికీముందు ఒక్క మాటిను." అరలు జరపడం చెప్పింది, దాచిన సరుకు చెప్పింది, బంగార్రాజుకి తెలిసే రాముని చూపించాడని చెప్పింది, మంగళవారం షాపుల్లో ఏం చెయ్యబోతున్నారో చెప్పింది. చివరికి సాయిబుగారు చెప్పిన మాట చెప్పింది.

"బెల్లవా?" అన్నాడు దాసు.

పక్కనే బెల్లం వండే పాకలో పొయ్యి మండుతోంది. బుధవారం రాత్రీ మండింది. దాసు కత్తి దించి అటు నడిచాడు. వేడి ఆరని బెల్లం ముద్ద చేత్తో పట్టుకొచ్చాడు. అరచెయ్యి కాలుతున్నా వదల్లేదు.

"ఇదా? ఇదుంటే బతికేదా? మేం ఏపమండల్తో కొట్టేం గదే! నీళ్ళడిగితే దెయ్యం అడుగుతందని ఇయ్యలేదు గదే!"

ఆ ముద్దతో తన నుదురే కొట్టుకున్నాడు. అప్పలనరసమ్మ గుంజ దగ్గర కూలబడింది. ఆమె ఏడవలేదు. రాజ్యం నుదుటి నెత్తురు తన కొంగుతోనే తుడిచింది.

"ఆ రాముగాడి సెయ్యి నానే కదా తొక్కీసేను" అన్నాడు దాసు. "మంగళారం ఎన్ని గంటలకి?"

*

మంగళవారం తొమ్మిదింటికి షట్టర్లు లేచాయి. కౌంటర్ల వెనక మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మా ఫార్మసిస్టు రాలేదండీ. చట్టం ఒప్పుకోదు" అని వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పారు. బంగార్రాజు ముందు నవ్వాడు, తర్వాత బూతులు తిట్టాడు, తర్వాత ఫోనెత్తాడు.

పదిన్నరకి అనకాపల్లి బస్సు దిగి ఖాదర్ మొహిద్దీన్ వచ్చాడు. వెనక, తమ షాపుల్లో ఆ మాట చెప్పేసి వచ్చిన కనకదుర్గ, మిగతా ఊళ్ళ కౌంటర్ల వాళ్ళు, ముందురోజు బెయిలు మీద బయటికొచ్చిన రాము, వాడి కుడిచేతికి సిమెంటు కట్టు. వాళ్ళ వెనక దాసు, కూలీలు, చోడవరం సంత జనం. రోడ్డు నిండిపోయింది. దాసు రాము ఎదుట నిలబడి వాడి కట్టు మీద చెయ్యి వేశాడు. "సర్లే బావూ" అన్నాడు రాము.

ముసలాయన స్టూలెక్కి గోడమీది ఫ్రేము దించాడు. కుంకం పొరని బొటనవేలితో తుడిచి తన పేరు చూసుకున్నాడు. "ఏడేళ్ళు పూజలందుకున్నాను, పని చెయ్యలేదు" అన్నాడు. "బంగార్రాజుగారూ, చట్టం ప్రకారం ఇప్పుడీ షాపులో ఏ మందు ఉండాలో నేను చెప్పాలి. రాజ్యం, వెనకగదిలోవి తియ్యమ్మా."

గ్లూకోజు పెట్టెల వెనకనుంచి గడువు దాటిన సరుకు బయటికొచ్చింది. పెట్టెలకి పెట్టెలు. ఆయన ఒక్కొక్కదాని మీదా తేదీ పైకి చదివి రోడ్డు మీద పోయించాడు. జనం గొణుగుడు కేకలయింది. తర్వాత ఆయన చక్కెర జబ్బు మాత్రల షీటు చేతిలోకి తీసుకుని, చీలిన కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రామూ, గడియారం చూడు. ఇది నీ ఐదొందల్లో మొదటి గంట. నీకే కాదు, ఇక్కడున్న అందరికీ. ఈ మాత్ర పేరు చదువు. గట్టిగా."

రాము చదివాడు. ముప్ఫైమందీ చదివారు. తప్పు పలికినవాళ్ళ చేత మళ్ళీ పలికించాడు. ఇది ఎవరికివ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, పొరపాటున మింగితే ఏమవుతుంది, అన్నీ చెప్పాడు. "చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే గాలి కాదు, దెయ్యం కాదు. మనిషి మింగగలిగినంతసేపూ బెల్లం నీళ్ళు పట్టండి, ఆస్పత్రికి తోలుకుపోండి." నలభయ్యేళ్ళ కిందట ఏ ఆస్పత్రిలోనో నేర్చుకున్న గొంతు, మళ్ళీ దొరికినట్టుంది. చెరుకు కూలీలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. దాసు పెదాలు కదుపుతూ ప్రతి మాటా తనలో తను తిరిగి చెప్పుకున్నాడు.

గంట పూర్తికాలేదు. రెండు జీపులు జనం మీదికే వచ్చేశాయి. ఇనపరాడ్లతో పదిహేనుమంది దిగారు. "ఆ తురకోణ్ణి ముందు" అన్నాడు బంగార్రాజు డ్రైవరు. మొదటి దెబ్బ ఆయన గుండెకి ఆనించుకున్న ఫ్రేము మీద పడింది. అద్దం పగిలి ముసలాయన గుండెలో గుచ్చుకుంది. రెండో దెబ్బ తలమీద పడింది. దారం కట్టిన కళ్ళజోడు ఎగిరి రోడ్డున పడింది. ఆయన గడువు దాటిన మందుల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు, చేతిలో షీటు వదల్లేదు.

తర్వాత ఎవరూ ఎవరినీ ఆపలేదు. కూలీలు చెరుకు గడలతో, కౌంటరు వాళ్ళు తూకం రాళ్ళతో, సంతలో ఆడవాళ్ళు చేతికందిన వాటితో మీదపడ్డారు. డ్రైవరు మొహాన్ని దాసు జీపు బానెట్టుకి మోదాడు, పళ్ళు రాలాయి. ఒక కూలీ చెవి తెగి వేలాడింది. కనకదుర్గ మోచెయ్యి విరిగింది. షట్టరు దించుకుంటున్న బంగార్రాజు కాలు పట్టుకుని అప్పలనరసమ్మ బయటికి ఈడ్చింది. "నా కూతురెక్కడ? నా గుంటనెక్కడ పెట్టేవురా?" అంటూ గుండెల మీద కూర్చుని గుద్దింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, పోలీసులు లాఠీలెత్తుకుని వచ్చారు. లాఠీలు రాడ్లున్న వాళ్ళ మీద పడలేదు.

రాజ్యం ముసలాయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన ఏదో అనబోయాడు. "సంతకం" అన్నట్టు వినపడింది. అంతే.

ఎస్సై ఆమె ఎదుట నిలబడ్డాడు. ఆ రోజు కౌంటరు వెనక నిలబడి చెప్పలేకపోయిన మాట ఆమె ఇప్పుడు అందరూ వినేలా చెప్పింది.

"అచ్చియ్యమ్మకి మాత్రలిచ్చింది నాను. రాము కాదు. రాసుకో."

"నీకు రిజిస్ట్రేషనుందా?"

"లేదు. ఇక్కడ ఎవుల్కీ లేదు. ఉన్న మనిషి ఒక్కడే, ఇదిగో." ఒళ్ళోకి చూపించింది. "పట్టపగలు అందరి కళ్ళెదుటే సంపేసేరు. అదీ రాసుకో."

ఆమెని వ్యానెక్కించారు. దాసుని, ఇంకో పదకొండుమందిని ఎక్కించారు. తలుపు వేశారు. లాఠీ దెబ్బలకి చెదిరిన జనం సందుల్లోంచి మళ్ళీ వచ్చి వ్యాను చుట్టూ చేరారు. ఎవరూ జిందాబాదులు మొదలుపెట్టలేదు. వ్యాను కటకటాల దగ్గర మొహం పెట్టి, తల పగిలి నెత్తురోడుతూ దాసే అరిచాడు.

"సెమట్లు పట్టి, సేతులొణికి, మాట తడబడితే ఏటి?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అప్పలనరసమ్మకి అర్థమైంది. "బెల్లం నీళ్ళు!" అంది. గొంతు చీరుకుపోయింది.

"గాలా? దెయ్యవా?"

"కాదు! బెల్లం నీళ్ళు!" ఈసారి రోడ్డు రోడ్డంతా అంది. పోలీసులు తెల్లమొహాలేశారు. అది ఏ పార్టీ నినాదమో వాళ్ళకి తెలీలేదు, ఏ సెక్షను కింద రాసుకోవాలో తెలీలేదు.

వ్యాను కదిలింది. రాజ్యం వెనకకిటికీలోంచి చూసింది. రాము కుంటుకుంటూ వచ్చి, ముసలాయన వేళ్ళ మధ్యనుంచి ఆ షీటు మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు. చీలిన కౌంటరెక్కి నిలబడ్డాడు. కట్టున్న చెయ్యి గుండెకి ఆనించుకుని, ఎడంచేత్తో అరలోంచి ఇంకో మందు తీసి జనానికి చూపించాడు.

"రెండో గంట" అన్నాడు. "దీని పేరు సదవండి."